గోడ మీది రజాయి

ముసురు పట్టిందంటే ఆ కాలువల ఊళ్ళో మనుషులకూ నాచుకూ పెద్ద తేడా ఉండదు. వరద రాదు, కప్పులు కూలవు, పేపర్లో వేసేంత ఘోరం ఏదీ జరగదు. ఊరికే నెమ్ము ఎక్కుతుంది. గోడలు చెమరుస్తాయి. ఉప్పు ముద్ద కడుతుంది. దండెం మీది మేజోడు వారం పోయాక తీసినా చేపను పట్టుకున్నట్టే ఉంటుంది. రజాయి కప్పుకుంటే అది మనిషిని వెచ్చబెట్టదు, మనిషే దాన్ని వెచ్చబెట్టాలి.

ఫాంగ్ గెన్‌షుయ్‌కి నెమ్ము కొత్తేం కాదు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ షావోషింగ్ పట్నం చుట్టుపక్కల కాలువల మీద ఇసుక పడవ నడిపాడు. తడిలో పడుకున్నాడు, తడిలో లేచాడు. నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగే అలవాటు లేదు. నీళ్ళ మీద బతికినవాడు ఎవరితో మాట్లాడతాడు?

భార్య లాన్‌ఫెన్ సంగతి వేరు. చలికాలం మొదట్లో కూరగాయల బజారు మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆస్పత్రివాళ్ళు లోపల కడ్డీ వేసి ఇంటికి పంపారు. పట్టుకుని రోజూ నాలుగడుగులు వేయించమన్నారు. ఆవిడ వెయ్యనంది. నిద్ర లేని మనిషి నడవడమేమిటంది. నిద్ర ఎందుకు లేదని అడిగితే రజాయి చూపించింది. పెళ్ళినాటి దూది రజాయి అది, నీలం చారలది. రెండుసార్లు దూది ఏకించి మళ్ళీ కుట్టించారు. ఇప్పుడు నెమ్ము పీల్చి పీల్చి, తడిసిన గొర్రె మీద పడుకున్నట్టు బరువుగా ఉంది.

"కరెంటు దుప్పటి తెస్తాను" అన్నాడు ఫాంగ్.

"నేనేమన్నా ఆవిరి రొట్టెనా, కింద మంట పెట్టడానికి?"

"మరేం కావాలి?"

"ఎండ తిన్న రజాయి కావాలి. ఆ వాసన ముక్కుకు తగిలితే నిద్ర అదే వస్తుంది. ఒక్కసారి అలా పడుకోనీ. ఆ తర్వాత నడవమంటే నడుస్తా, ఎగరమంటే ఎగురుతా."

ఆ వాసన ఏమిటో అక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎండలో పొంగిన దూదికి ఒక వాసన ఉంటుంది. వేగిన బియ్యానికీ ఎండుగడ్డికీ నడుమ ఎక్కడో ఉంటుంది అది. అందులో మొహం దూర్చుకున్నవాడు మర్నాడు వంటింట్లో గిన్నెలు మోగేదాకా లేవడు. దుకాణంలో దొరకదు, ఊరికే వస్తుంది. ఊరికే వచ్చేదానికే అడ్డం పడేవాళ్ళు ఎక్కువ.

టీవీలో చెప్పారు, రేపు ఒక్కరోజు ఎండ, ఎల్లుండి మళ్ళీ ముసురు అని. లాన్‌ఫెన్ విని మొగుడి మొహంకేసి చూసింది.

వాళ్ళుండేది పాత రేవు కాలనీలో, మూడో అంతస్తులో, ఉత్తరపు వైపు. ఆ ఇంట్లోకి సూర్యుడు దారి తప్పి కూడా రాడు. దక్షిణపు వైపువాళ్ళకూ ఎదురుగా కొత్త మేడలు లేచి ఎండనంతా మింగేశాయి. కిటికీల బయట బట్టలారేసే ఇనప ఊచల్ని కాలనీ ఆఫీసువాళ్ళు పోయినేడే కోయించారు, చూడ్డానికి బాగాలేవని. డాబా తలుపుకు తాళం. మిగిలింది ఒకటే చోటు. సైకిళ్ళ పాక పక్కన, దక్షిణం చూసే పొడుగాటి గోడ. రెండు మేడల సందులోంచి ఎండ తిన్నగా వచ్చి దాని మీద పడుతుంది, మధ్యాహ్నం వాలేదాకా ఉంటుంది. గోడ ముందు గుంజలు, గుంజలకు దండేలు. ఎవరు ముందొస్తే ఆ చోటు వాళ్ళది. స్టూలో, చీపురో గుంజ మొదట్లో పెడితే చాలు, పెట్టినవాడు అక్కడ ఉన్నట్టే లెక్క. దాన్ని పక్కకు జరిపినవాడితో మనవల కాలం వరకూ మాటలుండవు.

ముసురు మొదలైనప్పుడు ఆ గోడకు నిలువునా నీలం టార్పాలిన్ పట్టాలు కట్టారు. మరమ్మతు అన్నారు. ఎండే లేనప్పుడు గోడతో ఎవరికి పని? ఎవరూ పట్టించుకోలేదు.

తెల్లవారుతూనే ఫాంగ్ రజాయిని తాడుతో కట్టి వీపున వేసుకుని దిగాడు. చేతిలో దులిపే బెత్తం, చంకలో స్టూలు. గోంగ్ వదిన కంటే ముందుండాలని ఆయన తపన. కింది వాటాలో ఉండే ఆ విధవావిడతో గోడ దగ్గర మంచి చోటు కోసం ఏళ్ళ తరబడి పోరు. ప్రతిసారీ ఆవిడే గెలుస్తుంది. పళ్ళు కూడా తోమకుండా వచ్చి బేసిను పెట్టి పోతుంది.

ఆ రోజూ ఆవిడే ముందుంది. కానీ బేసిను చంకలోనే ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి చూస్తోంది.

పట్టాలు తీసేశారు. గుంజలు లేవు. నేలకు సమంగా కోసేసిన మొదళ్ళు మాత్రం తెల్లగా, కొత్తగా కనిపిస్తున్నాయి. గోడ మొత్తం ఒక పెద్ద బొమ్మ. బుగ్గలున్న సూర్యుడు నవ్వుతున్నాడు. పిల్లి ఒళ్ళు విరుచుకుంటోంది. ఒక తాత పుచ్చకాయ ముక్క కొరుకుతున్నాడు. నట్టనడుమ, నిలువెత్తున, ఎర్రటి బుగ్గల ముసలమ్మ ఒకామె దండెం మీద పూల రజాయి ఆరేస్తోంది. పైన మనిషంత అక్షరాలు: చిన్న చిన్న ఆనందాలే నిండైన జీవితం.

ఫాంగ్ మూడేళ్ళే చదివినా అది చదవగలిగాడు. చదివి మళ్ళీ చదివాడు.

"చూశావా" అంది గోంగ్ వదిన. "గుంజ కోసి గుంజ బొమ్మ వేశారు. రేపు మన నోళ్ళు కుట్టేసి, అన్నం తింటున్నట్టు బొమ్మ గీస్తారు."

ఆఫీసు మేనేజరు తావ్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. కొత్త నల్లకోటు, చేతికి ఎర్ర పట్టీ. "తాతగారూ, అవ్వగారూ, దూరంగా, దూరంగా! రంగు ఇంకా పచ్చిగా ఉంది."

"గుంజలేవి?" అన్నాడు ఫాంగ్.

"తీసేశాం. ఇవాళ నగరం నుంచి తనిఖీకి వస్తున్నారు. మనకు 'ఆనంద నివాసం' అని ఇత్తడి బిళ్ళ ఇస్తారు. గేటుకు తగిలిస్తాం. ఎంత పేరు!"

"రజాయి ఎక్కడ ఆరెయ్యాలి?"

"రేపు వేసుకోండి."

"రేపు వాన."

"వాన నేను కురిపిస్తున్నానా తాతగారూ?"

"నీ చేతిలో ఉంటే కురిపించేవాడివే" అంది గోంగ్ వదిన. "మరి ఆవిడెవరో ఆరేస్తోందిగా? ఆవిడకి చెప్పవేం రేపు వేసుకోమని?"

తావ్ గోడకేసి చూశాడు. "అది బొమ్మ అవ్వగారూ. ఒక భావం. రోజువారీ సంతోషాలకు గుర్తుగా వేయించాం."

"ఆ భావాన్ని చలిలో నువ్వు కప్పుకో."

ఫాంగ్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. రజాయిని మళ్ళీ వీపున వేసుకుని నడిచాడు. ఎండ ఆగదు కదా, తగాదా తేలేదాకా.

కసరత్తు చేసే ఇనప కమ్మీల దగ్గరకు పోతే అక్కడంతా నీడ. డాబా తాళంచెవి అడిగితే, తనిఖీ అయ్యేదాకా ఎవరికీ ఇవ్వొద్దన్నారని ఆఫీసులో పిల్ల చెప్పింది. అప్పుడు కాలనీ దాటి కాలువ వంతెన మీదికి పోయాడు. రాతి పిట్టగోడ వెడల్పుగా, పొడిగా, ఎండలో వెచ్చగా ఉంది. రజాయి పరిచాడు. అరచేత్తో సాపు చేశాడు. పక్కనే నిలబడ్డాడు. కాసేపటికి పైపొర చల్లదనం విరిగింది. అంతలో యూనిఫారం వేసుకున్న ఇద్దరు వచ్చారు.

"ఇక్కడ ఆరెయ్యకూడదు పెద్దాయనా. యాత్రికులు వచ్చే చోటు."

ఆ యాత్రికులు అప్పటికే ఫాంగ్‌నీ రజాయినీ కాలువనూ కలిపి ఫోటో తీసుకుంటున్నారు. పాతకాలపు అందం అంటున్నారు. వాళ్ళకు లేని ఇబ్బంది ఈ ఇద్దరికి వచ్చింది. ఫాంగ్ కదల్లేదు. ఒకడు రజాయి కొస పట్టుకుని మడవబోయాడు. మరీ మర్యాదగా, రెండు వేళ్ళతో, చచ్చిన ఎలకను ఎత్తినట్టు. అది చూసి ఫాంగే లాక్కుని వీపున వేసుకున్నాడు.

భోజనం వేళకు ఇంటికి పోవాలి. రజాయిని మెట్ల కింద పెట్టి పైకి వెళ్ళాడు. ఎండు ఆవకూరతో ఉడికించిన మాంసం అన్నం మీద వేసి ఇచ్చాడు. లాన్‌ఫెన్ గిన్నె పట్టుకుని అడిగింది, "పొంగుతోందా?"

"పొంగుతోంది" అన్నాడు.

పెళ్ళానికి అబద్ధం చెప్పే మనిషి కాదు ఆయన. అంత అవసరం ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు, వాళ్ళెవరో బిళ్ళ తగిలించుకోవడానికి తను అబద్ధమాడాల్సి వచ్చింది. మెట్లు దిగుతుంటే ఆ ఒక్క మాట గుంజలు పోయినదానికంటే ఎక్కువ మండించింది.

కిందికి వచ్చేసరికి తనిఖీవాళ్ళు గోడ దగ్గరే ఉన్నారు. ముందు కళ్ళద్దాల పెద్దావిడ, వెనక తలలూపే నలుగురైదుగురు, వాళ్ళ పక్కన తావ్. గోంగ్ వదిన తన రజాయిని ఒళ్ళో పెట్టుకుని, బేసిను బోర్లించి దాని మీద కూర్చుంది. తావ్ కళ్ళతో పొమ్మంటున్నాడు. ఆవిడ చూడనట్టే ఉంది.

"చాలా బాగుంది" అంటోంది పెద్దావిడ. "జీవం ఉట్టిపడుతోంది. ముఖ్యంగా ఈ రజాయి. ఎండలో వేసిన రజాయి! మా చిన్నప్పటి సంతోషం."

"దాన్ని తిరగెయ్యలేదు" అన్నాడు ఫాంగ్.

అందరూ వెనక్కి తిరిగారు.

"ఏమిటి పెద్దాయనా?"

"ఆ రజాయి. పొద్దుటి నుంచి ఒకవైపే ఎండుతోంది. మధ్యాహ్నమైంది. తిరగెయ్యాలి."

పెద్దావిడ ఒక్క క్షణం ఆగి ఫక్కున నవ్వింది. ఆవిడ నవ్విందని మిగతావాళ్ళూ నవ్వారు. అందరికంటే గట్టిగా తావ్ నవ్వాడు. ఫాంగ్ నవ్వించడానికి అనలేదు. కడుపు మండి అన్నాడు. తన మంట వాళ్ళకు చమత్కారమైంది.

"ఎంత సరదా మనిషి!" అంది పెద్దావిడ. "ఆ వీపు మీదున్నదీ రజాయేనా? భలే! బొమ్మ రజాయి పక్కన నిజం రజాయి పెట్టి ఒక ఫోటో తీద్దాం."

ఆ మాటతో తావ్‌కి ఎక్కడలేని చురుకు వచ్చింది. పొద్దున్న లేని తాడు నిమిషంలో పుట్టింది. ఒక కొస సైకిళ్ళ పాక స్తంభానికి, ఇంకో కొస నీళ్ళ గొట్టానికి తన చేత్తోనే బిగించాడు. "వెయ్యండి తాతగారూ, వెయ్యండి."

ఫాంగ్ వేశాడు. ఎండ దాని మీద పడింది. పెద్దావిడ బెత్తం తీసుకుని, పసిపిల్లకు జోకొట్టినట్టు రజాయిని రెండు దెబ్బలు తట్టింది. "ఎంత మెత్తగా ఉందో!" అంది. అది మెత్తదనం కాదు, చెమ్మ. తెలిసినవాళ్ళు చెయ్యి వేస్తే తెలుస్తుంది. ఆవిడకు తెలియలేదు.

"నవ్వండి పెద్దాయనా."

ఫాంగ్ నవ్వలేదు. అలాగే తీసుకున్నారు. తర్వాత అందరూ టీ తాగడానికి ఆఫీసులోకి పోయారు. తావ్ గుమ్మం దాకా సాగనంపి వెనక్కి వచ్చాడు. "చాలా బాగా వచ్చింది. ఇక తీసెయ్యండి తాతగారూ, వాళ్ళు పోయేటప్పుడు మళ్ళీ ఇటే వస్తారు."

అప్పుడు పుట్టింది ఫాంగ్‌కి మాట.

"తియ్యను."

"తాతగారూ..."

"ఫోటోకు పనికొచ్చిన దండెం నా పెళ్ళానికి పనికిరాదా? మాకేం కావాలని ఎప్పుడన్నా అడిగావా అబ్బాయ్? అడిగితే చెప్పేవాళ్ళం. రెండు గుంజలు, ఒక తాడు. అవి మాకు ఉండేవి. నువ్వు ఇచ్చినవి కావు, నీ ముందువాడు ఇచ్చినవీ కావు, మేం పాతుకున్నవి. వాటిని కోసేసి, వాటి బొమ్మ వేయించి, చూసి సంతోషించండి అంటావా? పైన ఆడమనిషి తుంటిలో ఇనుము పెట్టుకుని పడుంది. ముసురు పట్టినప్పటినుంచీ కన్ను మూతపడలేదు. ఆవిడ అడిగింది నీ బిళ్ళ కాదు. ఎండ అడిగింది! అదిగో, గోడ మీద పడి వృథాగా పోతోందే, అది! బొమ్మకెందుకయ్యా ఎండ?"

ఆ గొంతు ఆయనదేనని చుట్టుపక్కల ఎవరూ నమ్మలేదు. కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

తావ్ మొహం ఎర్రబడింది. "నేనేం చేసేది? పైవాళ్ళ ఆర్డరు. నా ఉద్యోగం చూసుకోవద్దా?"

"కట్టెలు కోసేదా నీ ఉద్యోగం?" అంది గోంగ్ వదిన. లేచి, తన రజాయిని దబ్బున ఫాంగ్ రజాయి పక్కన పడేసింది. బెత్తం ఎత్తి బలంకొద్దీ బాదింది. ఏడాది దుమ్మంతా లేచి తావ్ నల్లకోటు మీద మెత్తగా వాలింది.

"అవ్వగారూ!"

"భావం నాయనా, భావం. దులుపుకోకు."

పైనించి ఎవరో పకాలున నవ్వారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు. పడుకునే చాపలు, దిండ్లు, రజాయిలు, ఎవరిదో ఉన్ని కోటు, అన్నీ వచ్చాయి. తాడు చాలకపోతే ఇంకోటి కట్టారు. కాసేపటికి గోడ మీద నవ్వే సూర్యుడి బుగ్గలు తప్ప ఏమీ కనిపించలేదు. చోటు కోసం ఇద్దరు ఆడవాళ్ళు అప్పుడే కీచులాట మొదలెట్టారు. తావ్ ఫోను చెవికి ఆనించుకుని ఎవరికో చెప్పుకుంటూ ఆఫీసుకేసి పోయాడు. తనిఖీవాళ్ళు వేరే గేటు నుంచి పోయారని తర్వాత తెలిసింది.

కానీ పొద్దు ఎవరి పక్షమూ కాదు. ఒకవైపు వెచ్చబడి, ఫాంగ్ తిరగేసేసరికి కొత్త మేడ నీడ పాకేసి గోడ మీదికి ఎక్కింది. నీడలో ఉంచితే నెమ్ము మళ్ళీ దిగుతుంది. ఎండిన వైపు లోపలికి మడిచి, పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి పైకి మోసుకుపోయాడు.

లాన్‌ఫెన్ చెయ్యి వేసి చూసింది, ముక్కు ఆనించి చూసింది, తిరగేసి మళ్ళీ చూసింది.

"ఇటు ఎండింది. ఇటు ఎండలేదు."

"అవును."

"ఏం, అక్కడే నిద్రపోయావా?"

ఫాంగ్ మంచం అంచున కూర్చుని చెప్పాడు. గుంజలు కోశారన్నాడు. బొమ్మ గీశారన్నాడు. పొంగుతోందని తను చెప్పింది అబద్ధమన్నాడు.

"కింద ఎవరో అరుస్తుంటే నీ గొంతులాగే ఉందే అనుకున్నా" అంది ఆవిడ. "నువ్వు కాదులే అని ఊరుకున్నా. ఆ బొమ్మలో రజాయి ఏ రంగు?"

"ఎర్ర పూలు."

"మన రజాయి కూడా కాదన్నమాట! ఆ తావ్ గాణ్ణి ఇక్కడికి పిలువు. కాదు, వాడొస్తే నా మొహం చూడలేడు, నేనే దిగుతా. నన్ను పట్టుకుని దింపు రేపు. వాడి తల్లి కూడా వాణ్ణి ఎండలో పరిచిన గుడ్డలోనే చుట్టి ఉంటుంది, ఆ సంగతి అడుగుతా వాణ్ణి. ముందు ఇది కప్పు. ఎండిన వైపు నా మీదికి రావాలి."

కప్పాడు. ఆవిడ గడ్డం దాకా లాక్కుని, మొహం అందులో దూర్చి, తావ్‌ని ఇంకా తిడుతూనే ఉంది. మాటలు దూదిలోంచి గొణుగుడుగా వినపడ్డాయి. ఒక తిట్టు సగంలో ఆగిపోయింది. ఫాంగ్ మిగతా సగం కోసం కాసేపు చూశాడు. తర్వాత సన్నగా గురక వినిపించింది.

ఇంకా దీపాలు పెట్టే వేళ కాలేదు. ఫాంగ్ కదలకుండా కూర్చున్నాడు. కదిలితే మంచం కిర్రుమంటుంది. తావ్‌తో అనాల్సినవి ఇంకా ఎన్నో ఇప్పుడు వరసగా గుర్తొస్తున్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. వినేవాళ్ళే లేరు.

కింద గోంగ్ వదిన గొంతు ఖంగున మోగింది. ఫాంగ్ కిటికీలోంచి చూశాడు. గోడ దగ్గర తావ్ ముడి విప్పుతున్నాడు. తాడు రెండో కొస గోంగ్ వదిన పట్టుకుని లాగుతోంది. ఫాంగ్ చెప్పులు చేత్తో పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి, కిందికి దిగాడు.

"చూడండి తాతగారూ, మీరైనా చెప్పండి" అన్నాడు తావ్. నల్లకోటు ఇంకా తెల్లగానే ఉంది. "అందరూ తీసుకుపోయారు. రేపు ఎలాగూ వాన. ఈ తాడుతో మీకేం పని?"

"ఎల్లుండో?" అన్నాడు ఫాంగ్.

"ఎల్లుండీ వానే."

"ఆవలెల్లుండి?"

ఫాంగ్ పోయి తాడు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. తావ్ ఒకసారి ఆయన్నీ ఒకసారి గోడనూ చూశాడు. చేతిలోని కొస వదల్లేదు, లాగనూ లేదు.

"ఒరేయ్ గుంజలు కొట్టేవాడా!" అని అందుకుంది గోంగ్ వదిన. "నీ ఇత్తడి బిళ్ళ కరిగించి..."

"వదినా" అన్నాడు ఫాంగ్ మూడో అంతస్తు కిటికీకేసి చూసి. "మెల్లగా. ఇంట్లో మనిషి పడుకుంది."

గోంగ్ వదిన కూడా పైకి చూసింది. తిట్లు ఆపలేదు. గొంతు మాత్రం తగ్గించి, తావ్ చెవి దగ్గరకు వచ్చి, గుసగుసగా మొదటి నుంచి మొదలెట్టింది.